మూడడుగుల ఇంగ్లండు

బ్రాడీపేట నాలుగో లైను, మేడ కింద వెనక వాటా.
తలుపు తీస్తే మూడడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు.
దాన్ని గది అనరు, వరండా అనరు,
చెప్పులిడిచే చోటు అంటారు.

రంగులకొట్టువాడు ఊరికే ఇచ్చిన పుస్తకంలో
ముప్పై ఒకటో పేజీ.
ఇంగ్లీషు పల్లెటూరి ఇల్లట.
గుమ్మం లోపల గులాబీల గోడ,
గొడుగులు నిలబెట్టే కుండ,
కొయ్యపలకకి వరసగా కొక్కేలు,
ఒక గడ్డి టోపీ,
బురద ఆరని ఒక్క జత బూట్లు.
మనిషి మాత్రం లేడు.

ఆ పేజీ చింపి కుట్టుమిషను సొరుగులో పెట్టుకున్నాను.
నెలకి వంద చొప్పున పద్నాలుగు నెలలు
పోపులపెట్టె అడుగున దాచాను.

"మేకు కొట్టారా, అడ్వాన్సు మర్చిపోండి"
అంది తాయారమ్మగారు పై మెట్టు మీంచి.
అందుకే నా ఇంగ్లండులో ఒక్క మేకూ లేదు.
సుభానీ పాత కిటికీ రెక్క ఒకటి తెచ్చి
గోడకి చేరగిలబెట్టాడు,
దాని కమ్మీలకే కొక్కేలు తగిలించాడు.
రెండొందల యాభై. టీ నాది.

గొడుగుల కుండకి బదులు పాలకేను.
మూత పోయింది, చొట్ట పడింది, డెబ్బై రూపాయలు.
పిస్తా రంగు రెండు పూతలు వేశాక
చొట్ట కూడా కావాలని పెట్టించినట్టుంది.

కాళ్ళు తుడుచుకునే పట్టాకి పైసా ఖర్చు లేదు.
మా ఆయన మిర్చి యార్డులో కాటా గుమాస్తా,
గోతం ఒకటి మడతపెట్టి తెచ్చాడు.
నాలుగుసార్లు ఉతికాను.
అయినా దాని మీద అడుగేసిన ప్రతివాళ్ళూ
తుమ్ముకుంటూనే లోపలికొస్తారు.

ఇక గులాబీల గోడ.
గోడకాగితం ధర విని
చేతిసంచి జిప్పు లాగేసుకుని బయటికొచ్చాను.
ఆ రాత్రి నైటీలు కుడుతూ కుడుతూ
సూది కింద గుడ్డ ఆపి చూశాను:
లేత గులాబీలు, ఆకుల తీగ, మీగడ రంగు నేల.
పదకొండేళ్ళుగా నేను కుడుతున్నది ఇదే కదా!
ఈ లైనులో ప్రతి ఆడమనిషీ
ఇంగ్లీషు పల్లెటూరిని ఒంటినిండా వేసుకునే
పొద్దున్నే పాలపాకెట్టుకి వస్తోంది,
కొంగు లేదని పైన ఒక తువ్వాలు కప్పుకుని.

చాలని ముక్కల కోసం పట్నంబజారు వెళితే
గుడ్డలకొట్టు పెద్దాయన, బందరు మనిషి, నవ్వాడు:
"ఈ పూల గుడ్డ వాళ్ళదనుకుంటున్నావా అమ్మా?
మా రేవులో ఓడెక్కి వెళ్ళిందే.
కుర్చీలకి తొడిగారు, మంచాలకి కట్టారు,
చూసి చూసి తామే అచ్చెయ్యడం నేర్చారు."
నిజమో, నా బేరం మరిపించడానికో.
చివరికి మీటరుకి అయిదు తగ్గించాడు.
ఫ్రిజ్జు అట్టపెట్టె విప్పి, మైదా జిగురు కాచి,
గులాబీకి గులాబీ కలిసేలా అతికించాను.

తలుపుకి వాళ్ళు ఎండుపూల చుట్ట కడతారట.
మా ఇంట్లో ఎండినది ఒకటే ఉంది.
తేజ రకం, తొడిమలు బయటికి పెట్టి
తీగకి గుచ్చి గుండ్రంగా వంచాను.
పైన మామిడాకులు అలాగే ఉన్నాయి,
కింద గడపకి పసుపూ అలాగే ఉంది.
ఎదురింటి శేషారత్నం చూసి
"దిష్టికా?" అంది.
"కాదు, ఇంగ్లండు" అన్నాను.
"అక్కడా తగుల్తుందా పాపం" అంది.

మే అంతా కేనుకి పనిలేదు.
మాకున్న ఒక్క గొడుగూ ఆయనతో యార్డుకి పోతుంది.
మా అమ్మాయి అందులో బూజుకర్ర గుచ్చింది.

జూన్ పదమూడున, సాయంత్రం, వాన.
కాలవ పొంగి మెట్టు దాకా వచ్చింది.
జాకెట్లకని వచ్చినవాళ్ళు కదల్లేక
ఆ మూడడుగుల్లోనే ఇరుక్కున్నారు.
కేనులో అయిదు గొడుగులు, బూజుకర్ర,
కొక్కేలకి తడి చున్నీ, హెల్మెట్టు, గోంగూర సంచి,
గోతం మీద ఎవరివెవరివో చెప్పులు,
తుమ్ములు.
కింది వరస గులాబీలు జిగురు వదిలి
అట్ట మెల్లగా ఉబ్బుతోంది.

సొరుగులోంచి పేజీ తీసి చూశాను.
బురద బాగా కుదిరింది.
మనుషులే కాస్త ఎక్కువయ్యారు.
"జరగండమ్మా" అని సందు చేసుకుని
టీకి నీళ్ళు పెట్టడానికి లోపలికి పోయాను.